అందరూ పోయేవాళ్ళే: ఇలియడ్‌లో శోకం, ధమ్మంలో దుఃఖం

సూరత్‌లో మేముండే నవాగామ్‌లో ఏ చావు ఇంటికి వెళ్ళినా ఒకే మాట వినిపిస్తుంది. "రాసిపెట్టి ఉంది, ఎవరేం చేస్తాం" అంటారు తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన మనవాళ్ళు. పక్కింటి మరాఠీవాళ్ళు, గుజరాతీవాళ్ళు తమ భాషల్లో అదే అంటారు. బౌద్ధులమైన వాళ్ళం తలరాతను వదిలేశాం కనుక ఆ మాట అనం. "అంతా అనిత్యం" అంటాం. మాట మారింది. ఏడ్చే మనిషిని త్వరగా ఊరుకోబెట్టాలనే తొందర మాత్రం చాలాసార్లు మారలేదు.

కొన్నేళ్ళ కిందట ఒక మరమగ్గాల షెడ్డులో కరెంటు తగిలి ఒక తెలుగు కార్మికుడు చనిపోయాడు. శవం ఇంకా పోస్టుమార్టం గదిలోనే ఉంది. షెడ్డు యజమాని తరఫున ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి కూర్చుని, "పుట్టినవాళ్ళందరూ పోయేవాళ్ళేనమ్మా, ఈయన కాస్త ముందు పోయాడు, గుండె రాయి చేసుకో" అన్నాడు. ఆ తర్వాత జేబులోంచి కాగితం తీసి వేలిముద్ర వేయమన్నాడు. ఆమె కాగితం వైపు చూడలేదు. "ముందుగాల మనిషిని ఇంటికి తీసుకరాండ్రి. మాటలు తర్వాత" అంది.

ఆమె ఇలియడ్ పేరు కూడా విని ఉండదు. కానీ ఆ కావ్యం 24 సర్గలు నడిచి చివరికి చేరుకునే చోటికి ఆమె ఒక్క మాటలో చేరుకుంది. ఆ రోజు నుంచి ఆ గ్రీకు కావ్యాన్ని నేను వేరే కళ్ళతో చదువుతున్నాను. మరణాన్ని ఒప్పుకోవడం గురించి అది ఏం చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, తథాగతుని ధమ్మం అక్కడి నుంచి మనల్ని ఎటు నడిపిస్తుంది అన్నదే ఈ వ్యాసం.

ఒక కోపం కథ

హోమర్ పేరున నిలిచిన ఇలియడ్ క్రీ.పూ. 8వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ట్రాయ్ యుద్ధం పదేళ్ళు సాగింది కానీ కావ్యం తీసుకున్నది అందులో కొద్ది వారాలే. ట్రాయ్ నగరం కూలడం ఇందులో లేదు. అకిలీస్ అనే గ్రీకు వీరుడి కోపంతో మొదలై, అతను చంపిన శత్రువు హెక్టర్ అంత్యక్రియలతో కావ్యం ముగుస్తుంది. ఒక వీరకావ్యం గెలిచినవాడి ఊరేగింపుతో కాకుండా ఓడినవాడి శవసంస్కారంతో ముగియడం చిన్న సంగతి కాదు.

కథ క్లుప్తంగా ఇది. తన వంతుకు వచ్చిన బందీ స్త్రీ బ్రిసేయిస్‌ను గ్రీకు రాజు అగమెమ్నాన్ లాక్కున్నాడని అలిగి అకిలీస్ యుద్ధం మానేస్తాడు. అతని ప్రాణమిత్రుడు పాట్రోక్లస్ అతని కవచం తొడుక్కుని యుద్ధానికి వెళ్ళి ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ చేతిలో చనిపోతాడు. ఆ వార్త విన్న అకిలీస్ తల మీద బూడిద పోసుకుని నేల మీద పడిపోతాడు. గొంతు కోసుకుంటాడేమో అని వార్త తెచ్చిన యువకుడు అతని రెండు చేతులూ పట్టుకుని కూర్చుంటాడు. అకిలీస్ తిండి ముట్టడు, నిద్రపోడు. ఆ దుఃఖమే కోపమవుతుంది. ఆ కోపంతో అతను యుద్ధానికి తిరిగి వెళ్ళి కనబడినవాడినల్లా నరుకుతాడు.

ప్రియమైనవాళ్ళ ఎడబాటు దుఃఖమని సారనాథ్‌లో మొదటి ఉపదేశంలోనే తథాగతుడు చెప్పాడు. ఆ దుఃఖాన్ని తెలుసుకోకపోతే అది ద్వేషంగా ఎలా పెరుగుతుందో చూడాలంటే ఇలియడ్‌ను మించిన పాఠ్యపుస్తకం లేదు.

చంపేవాడి నోట అనిత్యం

21వ సర్గలో లైకావోన్ అనే కుర్రవాడు వస్తాడు. అతను ట్రాయ్ రాజు ప్రయమ్ కొడుకుల్లో ఒకడు. ఇంతకు ముందొకసారి అకిలీస్‌కే పట్టుబడ్డాడు. అప్పుడు అకిలీస్ చంపకుండా బానిసగా అమ్మేశాడు. స్నేహితులు డబ్బు కట్టి విడిపించారు. ఇంటికి వచ్చి పదకొండు రోజులు అయినవాళ్ళ మధ్య గడిపాడు. పన్నెండో రోజున మళ్ళీ అకిలీస్ ఎదుట పడ్డాడు. చేతిలో ఆయుధం లేదు. మోకాళ్ళు పట్టుకుని ప్రాణభిక్ష అడిగాడు.

అకిలీస్ జవాబు సారాంశం ఇది: నీకంటే గొప్పవాడు పాట్రోక్లస్ పోయాడు. ఇంత అందగాణ్ణి, ఇంత బలశాలిని నేనూ ఒకరోజు పోతాను. అలాంటప్పుడు నీ ఏడుపు ఎందుకు, నువ్వూ పో. పైగా అతన్ని మిత్రమా అని పిలుస్తాడు. లైకావోన్ పట్టు వదిలేసి రెండు చేతులూ చాచి కూలబడతాడు. అకిలీస్ కత్తి దించి, శవాన్ని కాలు పట్టి నదిలోకి విసిరేస్తాడు. శవాలతో నీటి దారి మూసుకుపోయిందని చివరికి ఆ స్కమాండర్ నదే అకిలీస్‌తో మొరపెట్టుకుంటుంది.

అకిలీస్ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందరూ చస్తారు. గొప్పవాళ్ళూ చస్తారు. చంపేవాడూ చస్తాడు. కొందరు విమర్శకులు ఈ ఘట్టంలో అకిలీస్ మరణాన్ని స్వీకరించిన తీరును, శత్రువుతో కూడా మర్త్యుడిగా పొత్తు కలిపిన తీరును మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను. నిజమైన మాటే అయినా, కత్తి పట్టుకున్నవాడు కత్తి లేనివాడికి చెబితే అది జ్ఞానం కాదు, ఆయుధం. లైకావోన్ చావడానికి కారణం మనిషి మర్త్యుడు కావడం కాదు, అకిలీస్ కత్తి దించడం.

న్యాయశాస్త్రం చదివిన దానిగా నాకు ఇక్కడ మన శిక్షాస్మృతి గుర్తుకొస్తుంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 299వ సెక్షన్ మొదటి వివరణ ఏమంటుందంటే, అప్పటికే జబ్బుతో ఉన్న మనిషికి దెబ్బ తగిలించి అతని చావును ముందుకు తెచ్చినవాడు ఆ చావుకు కారకుడే. ఇప్పటి న్యాయ సంహితలోనూ ఆ వివరణ ఉంది. ఎలాగూ పోయేవాడే కదా అన్న వాదన కోర్టు గడప దాటదు. అలాంటి వాదన చావు ఇంట్లో మాత్రం ఎలా చెల్లుతోంది? షెడ్డు యజమాని తరఫున వచ్చిన పెద్దమనిషి చెప్పింది అకిలీస్ చెప్పిన మాటే.

చేతులు ముద్దాడిన తండ్రి

అదే అకిలీస్ అదే మాటను 24వ సర్గలో మళ్ళీ చెబుతాడు. ఈసారి ఆ మాట మందులా పనిచేస్తుంది. తేడా ఎక్కడుందో చూడాలి.

హెక్టర్‌ను చంపాక అకిలీస్ అతని మడమలకు తోలు తాళ్ళు దూర్చి రథానికి కట్టి ఈడ్చాడు. చనిపోయే ముందు హెక్టర్ కోరింది ఒక్కటే: నా శరీరాన్ని నా వాళ్ళకు ఇవ్వు. అకిలీస్ ఇవ్వలేదు. రోజూ మిత్రుడి సమాధి చుట్టూ శవాన్ని ఈడ్చాడు. ఎంత ఈడ్చినా అతని దుఃఖం తగ్గలేదు. పగ తీరితే మనసు చల్లబడుతుందనే నమ్మకాన్ని హోమర్ ఇక్కడ చెరిపేశాడు.

ముసలి ప్రయమ్ ఒక రాత్రి శత్రువు గుడారంలోకి నడిచి వచ్చాడు. తన కొడుకులను చంపిన చేతులనే ముద్దాడాడు. నీ తండ్రిని గుర్తు తెచ్చుకో, ఆయనా నాలాగే ముసలివాడు అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. ప్రయమ్ హెక్టర్ కోసం, అకిలీస్ ఒకసారి తండ్రి కోసం, ఇంకోసారి పాట్రోక్లస్ కోసం. ఒకే గదిలో వేర్వేరు చావులకు ఏడ్చారు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు. ఏడుపు తీరాకే అకిలీస్ లేచి ముసలాయనను చేయి పట్టి లేపి, ఏడ్చి లాభం లేదు, పోయినవాడు లేచి రాడు అని చెప్పాడు.

ఆ మాటకు ప్రయమ్ వెంటనే ఒప్పుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. నా కొడుకు దిక్కు లేకుండా పడి ఉండగా నన్ను కూర్చోమనకు, ముందు అతన్ని ఇవ్వు అన్నాడు. నవాగామ్‌లో ఆ ఇల్లాలు అన్నది కూడా అదే. శవాన్ని కడిగించి, బట్ట కప్పించి, అకిలీస్ తన చేతులతో ఎత్తి పాడె మీద పెట్టాడు. అప్పుడు అన్నం మాట ఎత్తాడు. పన్నెండు మంది పిల్లలను పోగొట్టుకున్న నియోబి కూడా ఏడ్చి ఏడ్చి అలిసి చివరికి తిండి తిన్నదని కథ చెప్పాడు. ఇద్దరూ కలిసి తిన్నారు. కొడుకు పోయిన దగ్గర నుంచి ప్రయమ్ ముద్ద ముట్టడం అదే మొదలు. అంత్యక్రియలకు ఎన్ని రోజులు కావాలని అకిలీస్ అడిగాడు. పన్నెండో రోజున మళ్ళీ పోరాడతాం, అది తప్పదంటే, అన్నాడు ప్రయమ్. అన్ని రోజులూ యుద్ధం ఆపుతానని అకిలీస్ మాట ఇచ్చాడు.

వరుస గమనించండి. కన్నీళ్ళు, శవం, అన్నం, సంస్కారానికి గడువు. ఉపదేశం నిలబడింది వీటి మధ్యలోనే. లైకావోన్ విషయంలో ఉపదేశం ఒక్కటే ఉంది, మిగతావి ఏవీ లేవు. మరణాన్ని ఒప్పుకోవడం ఒక అభిప్రాయం కాదు, మనుషులు ఒకరికొకరు చేసుకునే కొన్ని పనుల తర్వాత వచ్చే స్థితి అని ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇలియడ్‌కు నేను మొక్కేది ఇందుకే.

ఎవరి కోసం ఎవరు ఏడ్చారు

మొక్కాక, అడగాల్సినవి అడగాలి. ఈ కావ్యంలో శోకానికి కూడా మెట్లు ఉన్నాయి.

హెక్టర్ చనిపోయినప్పుడు భార్య ఆండ్రోమకీ ఇంట్లో మగ్గం ముందు ఉంది. వచ్చే భర్త కోసం వేడినీళ్ళు పెట్టమని దాసీలకు చెప్పి, పువ్వుల బట్ట నేస్తోంది. కోట గోడ మీద నుంచి ఏడుపు వినబడగానే ఆమె చేతిలోంచి నాడె జారి నేల మీద పడింది. నేతపనివాళ్ళ మధ్య బతికేవాళ్ళకు ఈ దృశ్యాన్ని వివరించనక్కరలేదు. మగ్గం ఆగిందంటే ఇంట్లో ఏమైందో మనకు తెలుసు.

మరి ఆ వేడినీళ్ళు పెట్టిన దాసీలు? 19వ సర్గలో పాట్రోక్లస్ శవం మీద పడి బ్రిసేయిస్ ఏడుస్తుంది. ఆమె భర్తను, ముగ్గురు అన్నదమ్ములను చంపి ఆమెను బానిసగా తెచ్చింది ఈ గ్రీకులే. చుట్టూ మిగతా బందీ స్త్రీలూ గొల్లుమంటారు. పైకి పాట్రోక్లస్ కోసం, లోపల ఎవరి కష్టాలకు వాళ్ళు ఏడ్చారని కవి చెబుతాడు. ఆ ఒక్క వాక్యం నన్ను చాలా రోజులు వదల్లేదు. దొర ఇంట చావుకు ఏడవడానికి పిలిపించబడిన మన అమ్మమ్మలు కూడా ఆ ఏడుపులో తమ పిల్లల కోసమే ఏడ్చి ఉంటారు. హోమర్ దాన్ని చూడగలిగాడు. కానీ చూసి ముందుకు సాగిపోయాడు. ఆ స్త్రీల కష్టాలేమిటో చెప్పడానికి ఆగలేదు.

పాట్రోక్లస్ చితి మీద పన్నెండు మంది ట్రాయ్ యువకులను నరికి కాల్చారు. వాళ్ళ తండ్రులెవరూ అకిలీస్ గుడారానికి రాలేదు. వచ్చినా బండి నిండా బంగారం తేగలిగేవాళ్ళు కారేమో. హోమర్ పేరునే ఉన్న ఒడిస్సీలో, ఇల్లు చేరిన ఒడిస్యూస్ శత్రువులను చంపాక, వాళ్ళతో పడుకున్నారనే నేరానికి పన్నెండు మంది దాసీలను ఒకే తాడుకు వరసగా ఉరి తీయిస్తారు. వాళ్ళ కోసం కావ్యంలో ఒక్కరూ ఏడవరు. అదే ఒడిస్సీలో పాతాళంలో కనబడిన అకిలీస్ ప్రేతం, చచ్చినవాళ్ళందరికీ రాజుగా ఉండడం కంటే భూమి లేని పేదవాడి దగ్గర కూలివాడిగా బతకడం మేలంటుంది. కూలివాడి బతుకు విలువ వీరుడికి చచ్చాక తెలిసింది. బతికుండగా ఆ కూలివాడి చావుకు అతను ఏడ్చిన దాఖలా లేదు.

రెండో లోటు ఇంకా పెద్దది. ప్రయమ్‌ను ఓదారుస్తూ అకిలీస్, దేవరాజు జ్యూస్ గడపలో రెండు జాడీలు ఉన్నాయని, ఒకదాంట్లో కీడు, ఒకదాంట్లో మేలు ఉంటాయని, ఆయన ఎవరికి ఏది కలిపి పోస్తే అదే దక్కుతుందని అంటాడు. హెక్టర్‌ను చంపింది జాడీ కాదు, అకిలీస్. మనుషులు చేసిన యుద్ధాన్ని దేవుడి ఖాతాలో రాసేశాక ఇక ఆపాల్సిన అవసరం ఎవరికుంటుంది? అందుకే గడువు తీరగానే యుద్ధం మళ్ళీ మొదలవ్వాల్సిందే. శత్రువు దుఃఖం తన దుఃఖం లాంటిదేనని అకిలీస్‌కు తెలిసింది. తెలిసినా కత్తి కింద పెట్టలేకపోయాడు. జాడీల పేరు మార్చి పూర్వజన్మ కర్మ అని చదువుకుంటే ఇది మన ఇంటి కథే.

గ్రీకు రాజు అడిగిన కన్నీళ్ళ ప్రశ్న

గ్రీకు కథకూ బౌద్ధానికీ ఏం పొత్తు అని ఎవరైనా అనవచ్చు. పొత్తు పాతదే. బుద్ధ ప్రతిమలు చెక్కిన గాంధార నేల మీదే చక్రాల పీట మీద నిలిచిన గుర్రాన్ని, నగర ద్వారంలో చేతులెత్తిన స్త్రీని చెక్కిన శిల్పం దొరికింది. అది ట్రాయ్ గుర్రం కథేనని పండితులు గుర్తించారు. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మెనాండర్ మన మిలింద ప్రశ్నలోని మిలిందుడు. అతను చనిపోతే నగరాలు అస్థికల కోసం వాదులాడుకుని సమానంగా పంచుకుని స్మారకాలు కట్టుకున్నాయని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. తథాగతుని ధాతువుల పంపకం తెలిసినవాళ్ళకు ఆ మాట కొత్తగా అనిపించదు.

ఆ మిలిందుడు నాగసేన భిక్షువును అడిగిన ప్రశ్నల్లో ఒకటి కన్నీళ్ళ గురించి. తల్లి చనిపోయిందని ఒకడు ఏడుస్తాడు, ధమ్మం మీద ప్రేమతో ఒకడు ఏడుస్తాడు, ఎవరి కన్నీళ్ళు మందు అని. రాగద్వేషమోహాలతో మరిగే కన్నీరు వేడిది, అది మందు కాదు, చల్లని కన్నీరు మందు అని నాగసేనుని సమాధానం. కన్నీళ్ళు పెట్టవద్దని ఆయన అనలేదు. అందులో ఏముందో చూడమన్నాడు. ఈ కొలతతో చూస్తే మిత్రుడి శవం మీద అకిలీస్ కార్చింది వేడి కన్నీరు, ప్రయమ్ పక్కన కార్చింది చల్లబడుతున్న కన్నీరు.

కిసాగోతమి కథ మనందరికీ తెలుసు. అయినా ఒక సంగతి మళ్ళీ చూడాలి. చనిపోయిన బిడ్డను చంకన వేసుకుని వచ్చిన ఆమెకు తథాగతుడు అనిత్యం బోధించలేదు. చావు జరగని ఇంటి నుంచి ఆవగింజలు తెమ్మన్నాడు. ఆమె గడపగడపకూ తిరిగింది. ప్రతి ఇంటివాళ్ళూ తమ చావు కథ చెప్పారు. సత్యాన్ని ఆమె వినలేదు, కనుక్కుంది. తన ఒక్కదాని దుఃఖం ఊరందరి దుఃఖంలో కలిసింది. బిడ్డను ఆమె తన చేతులతోనే వదిలింది, ఎవరూ లాక్కోలేదు. భర్త, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఒక్కసారే పోయి మతి చెదిరి ఒంటి మీద బట్ట లేకుండా వచ్చిన పటాచారకు ముందు ఒకరు పైబట్ట కప్పారు, ఆ తర్వాతే ధమ్మం. తథాగతుని చివరి రాత్రి ఆనందుడు తలుపు పట్టుకుని ఏడ్చాడు. తథాగతుడు అతన్ని పిలిపించి ఎడబాటు తప్పదని గుర్తు చేశాడు, ఇన్నేళ్ళూ ప్రేమతో చేసిన సేవను అందరి ముందూ మెచ్చుకున్నాడు. ప్రయమ్ ఘట్టంలో మనం చూసిన వరుసే ఇది. పైగా ఇక్కడ గోతమి రాణి కాదు, పేద ఇంటి ఆడకూతురు. శోకానికి ఇక్కడ మెట్లు లేవు.

రోహిణి నుంచి చుండూరు దాకా

యుద్ధాన్ని ఆపలేని ఎరుక దగ్గర హోమర్ నిలిచిపోయాడు. ఆ గీత దాటించింది బాబాసాహెబ్ చదివిన బుద్ధుడు. సిద్ధార్థుడు ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లు వదిలాడనే కథ నమ్మదగినది కాదని 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథం ముందుమాటలోనే అంబేడ్కర్ అన్నారు. 29 ఏళ్ళు వచ్చేదాకా చావు చూడని మనిషి ఉంటాడా అని ఆయన ప్రశ్న. రోహిణి నది నీళ్ళ కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి సిద్ధమైతే, వద్దని నిలబడి, అందుకు ప్రవాసాన్ని ఎంచుకున్న సిద్ధార్థుణ్ణి ఆయన మన ముందు నిలిపారు. అంటే బుద్ధుని ప్రయాణం చావు చూసిన భయంతో మొదలవలేదు, చంపడానికి ఒప్పుకోకపోవడంతో మొదలైంది. ఇలా రాసిన మనిషికి చావు తెలియదా? నలుగురు పిల్లలను పోగొట్టుకున్న తండ్రి ఆయన. 1926లో చిన్న కొడుకు రాజరత్న పోయినప్పుడు ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఆయన తన దుఃఖాన్ని దాచుకోలేదు.

మరణాన్ని ఒప్పుకోవడం, చంపడాన్ని ఒప్పుకోకపోవడం. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఉంటాయో తెలుగు నేల మీద చుండూరు చూపింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. స్కమాండర్ మొరపెట్టుకుంది, మన కాలువకు ఆ నోరు కూడా లేదు. అయినవాళ్ళు శవాలను రాబట్టుకున్నారు. ఊరి చివర దాచిపెట్టకుండా ఊరి నడుమ పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. తీర్పు ఎటు పోయినా ఆ సమాధులు అక్కడే ఉన్నాయి. పోయినవాళ్ళు తిరిగి రారని ఆ తల్లులకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎలా పోయారో మరిచిపొమ్మని చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

నవాగామ్‌లో ఆ ఇల్లాలు వేలిముద్ర వేయలేదు. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం ప్రకారం చావు పరిహారం కమిషనర్ దగ్గరే జమ కావాలి, హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదు. ఆ సంగతి ఆమెకు మేం చెప్పింది శవం ఇల్లు చేరి, సంస్కారం అయి, పక్కింటి మరాఠీ బౌద్ధుల ఇంటి నుంచి వచ్చిన అన్నం ఆమె రెండు ముద్దలు తిన్నాక. త్రిశరణం చెప్పుకున్నదీ అప్పుడే. అనిత్యం గురించి ఆ రోజు ఎవరం మాట్లాడలేదు. చాలా నెలల తర్వాత ఒక సాయంత్రం ఆమే అంది, "అందరం పోయేటోళ్ళమే అక్కా, కానీ ఆయన్ను ఆ తీగ చంపింది" అని.

ఆ వాక్యంలో రెండు సగాలు ఉన్నాయి. మొదటి సగం అకిలీస్‌కూ తెలుసు. రెండో సగం చెప్పగలగడమే ధమ్మం. చావు ఇంటికి వెళ్ళేటప్పుడు రెండూ పట్టుకుని వెళ్దాం. నమో బుద్ధాయ, జై భీమ్.